రొయ్యల చెరువు దగ్గర యాప్‌ను నిజంగా ఎవరు వాడుతున్నారు? పరిశోధన మొదలుపెడుతున్నవారికి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీది భీమవరం దగ్గర ఊరు, కాకినాడలో ఎంటెక్ చివరి ఏడాది. చెరువు నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్, దాని హెచ్చరికలు చూపించే ఫోన్ యాప్, తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిచ్చే ఏఐ సహాయకుడు, ఈ మూడింటినీ ఆక్వా రైతులు ఎలా వాడుతున్నారో అధ్యయనం చేయాలనుకుంటున్నారు. 60 ప్రశ్నలతో గూగుల్ ఫారం తయారుచేశారు. రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి 200 మందితో నింపిస్తే ప్రాజెక్టుకి సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. అంశం చాలా మంచిది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ ఫారం ఎవరి చేతికి వెళ్తుందో ఒకసారి ఆలోచించండి. స్మార్ట్‌ఫోన్ ఉండి, చదవడం వచ్చి, 60 ప్రశ్నలకు ఓపిక ఉన్నవారికి. అంటే చెరువు చేసే రైతుకి, లేదా ఇంజనీరింగ్ చదివిన ఆయన కొడుక్కి. రాత్రి గట్టు మీద ఉండేది వీళ్లిద్దరూ కాదు.

డెల్టాలో వరి, కొబ్బరి, చేపలు, రొయ్యలు, సచివాలయం సేవలు, అన్నిటి దగ్గరా కొత్త సాధనాలు వచ్చినప్పుడు జనం వాటితో ఏం చేస్తున్నారో చూడటమే చాలా ఏళ్లుగా నా పని. నాకు బలంగా అనిపించింది ఏమిటంటే, ఇక్కడ ఒక ఫోన్‌కి ఒక మనిషి అనే లెక్క కుదరదు. సాధనం కొన్నవారు ఒకరు, తెర చూసేవారు ఒకరు, దానివల్ల పని మారిపోయేవారు ఇంకొకరు. ‘యూజర్’ అని వాళ్లలో ఒక్కరినే పట్టుకుంటే మిగతా ఇద్దరికీ ఏం జరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు.

ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల వైపు ఏ వనామీ రొయ్యల చెరువైనా తీసుకోండి. భూమి ఒకరిది. లీజుకి తీసుకుని సాగు చేసేది ఇంకొకరు. గట్టు మీద షెడ్డులో పడుకుని, మేత వేసి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునేది కాపలా మనిషి. అప్పుడప్పుడు వచ్చి చెక్ ట్రేలు (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లేలు) చూసి మందులు చెప్పేది టెక్నీషియన్. మేత అప్పు మీద ఇచ్చేది డీలర్. సెన్సర్ కొన్నది లీజు రైతు, యాప్ ఉన్నది ఆయన ఫోన్‌లో. ఆయన రాత్రి భీమవరంలో తన ఇంట్లో నిద్రపోతుంటాడు.

నీటిలో కరిగిన ఆక్సిజన్ పగలు పెరుగుతుంది. నీటికి పచ్చదనం ఇచ్చే సూక్ష్మమైన నాచు ఎండలో దాన్ని తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే ఆక్సిజన్ తీసుకుంటుంది, రొయ్యలు తీసుకుంటాయి, అడుగున మిగిలిన మేత కుళ్లుతూ ఇంకొంత తినేస్తుంది. అందుకే తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందకి పోనివ్వకూడదన్నది సాగులో సాధారణంగా పాటించే లెక్క. కాబట్టి యాప్ మోగేది ఎక్కువగా మంచి నిద్ర వేళలోనే. అప్పుడు లీజు రైతు లేవాలి, తెర చూడాలి, కాపలా మనిషికి ఫోన్ చేయాలి. అతను లేచి ఇంకో ఏరియేటర్ వేయాలి. కరెంటు లేకపోతే జనరేటర్ తిప్పాలి, అందులో డీజిల్ ఉండాలి. యాప్ చేసింది వీటన్నిటిలో మొదటి అడుగు మాత్రమే.

ఇప్పుడు ‘ఈ యాప్ వాడటం సులభంగా ఉందా’ అని లీజు రైతుని అడిగితే ఐదుకి ఐదు ఇస్తాడు, నిజాయితీగానే ఇస్తాడు. కాపలా మనిషికి యాప్ పేరు కూడా తెలియకపోవచ్చు, అతని దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్ కావచ్చు. ఇదివరకు లేని వేళలో ఫోన్ మోగుతోందని అతనికి తెలుసు. ఎత్తడం ఆలస్యమైతే ‘సెన్సర్ ఎప్పుడో చెప్పింది, నువ్వేం చేస్తున్నావ్’ అని మాట పడాల్సి వస్తోందని తెలుసు. నీటిని కొలవడానికి పెట్టిన సాధనంతోనే అతని నిద్రనీ కొలుస్తున్నారన్నమాట. కూలి పెరిగిందా అంటే చాలాచోట్ల లేదు. మీ 60 ప్రశ్నల్లో దీన్ని తాకేది ఒక్కటీ కనబడలేదు. నన్నడిగితే మీ ప్రాజెక్టుకి అసలు విషయం ఇదే.

సెన్సర్‌లో నీటిలో ఉండే భాగం, ప్రోబ్, దాని సంగతి కూడా చూడండి. నీటిలో మునిగి ఉండేదానికి పాచి పడుతుంది. తుడవకపోతే అంకె తప్పు చూపిస్తుంది. తుడవాల్సింది కాపలా మనిషే. తుడవమని అతనికి ఎవరు చెప్పారు? ఎందుకు తుడవాలో చెప్పారా, లేక ‘రోజూ తుడువు’ అని వదిలేశారా? రెండు మూడు రాత్రులు లేనిపోని హెచ్చరికలు వస్తే లీజు రైతు నోటిఫికేషన్లు మ్యూట్ చేసేస్తాడు. అయినా యాప్ ఫోన్‌లోనే ఉంటుంది, అమ్మినవాళ్ల లెక్కలో ఆ చెరువు వాడకంలో ఉన్నట్టే. మీ ఫారంలో ‘యాప్ వాడుతున్నారా’ అంటే ‘అవును’ అనే వస్తుంది.

ఇంకోవైపు, కాపలా మనిషికి సెన్సర్ రాకముందు నుంచీ నీళ్లు చూసే పద్ధతి ఒకటి ఉంది. రంగు ఎలా మారింది, ఏరియేటర్ దగ్గర నురగ ఎలా ఉంది, రొయ్యలు గట్టు వారకి వస్తున్నాయా, చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది అని చూస్తాడు. సెన్సర్ అంకె ఒకటి చెప్పి, నీళ్లు ఇంకోటి చెప్తే ఎవరి మాట నెగ్గుతుంది? నెగ్గిన మాట తప్పయితే నష్టానికి బాధ్యత ఎవరి మీద పడుతుంది? ఒక్క సంఘటన దగ్గర ఉండి చూసినా ఒక అధ్యాయం రాయొచ్చు.

ఈ ఆలోచన కొత్తది కాదు. జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లూసీ సచ్‌మన్ 1980ల్లో ఫోటోకాపీ యంత్రంతో తంటాలు పడుతున్నవాళ్లని వీడియో తీసి చూశారు. యంత్రంలో సహాయ వ్యవస్థ ఉంది, కానీ దానికి తెలిసేది ఏ బటన్ నొక్కారన్నది మాత్రమే. మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటున్నారు, ఎక్కడ సందేహపడుతున్నారు అన్నది దానికి అందదు. యంత్రం ముందే వేసుకున్న ప్లాన్ ప్రకారం పోతుంది, మనుషులు అప్పటి పరిస్థితిని బట్టి పోతారు. మీ యాప్‌కీ అంతే. డీజిల్ అయిపోయిందనీ, ఒక ఫేజ్ పోయి మోటార్ తిరగట్లేదనీ, కాపలా మనిషి జ్వరంతో ఉన్నాడనీ దానికి తెలియదు.

మీరు పెట్టిన ప్రశ్నాపత్రం చదివాను. ఎక్కువ ప్రశ్నలు కొత్త సాధనాన్ని జనం ఎందుకు ఒప్పుకుంటారో చెప్పడానికి ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన నమూనా నుంచి తీసుకున్నవి: ఉపయోగం ఉందనిపిస్తోందా, సులభమనిపిస్తోందా. మంచి నమూనాయే, మన విద్యార్థుల సర్వేల్లో తరచూ కనిపించేదీ అదే. అయితే ఆయన పరీక్షించింది కెనడాలో ఐబీఎం ప్రయోగశాల ఉద్యోగుల మీద, బోస్టన్‌లో ఎంబీఏ విద్యార్థుల మీద. వాళ్లలో ఎవరి బల్ల వాళ్లది, ఎవరి కంప్యూటర్ వాళ్లది, వాడాలా వద్దా అన్నది చాలావరకు వాళ్ల ఇష్టం. కాపలా మనిషికి ఆ ఇష్టమే లేనప్పుడు ‘వాడాలని ఉద్దేశం ఉందా’ అన్న ప్రశ్నకి అర్థం ఏముంటుంది?

మన దగ్గర పరిస్థితికి దగ్గరగా ఉన్న పరిశోధన వేరే ఉంది. నిత్య సాంబశివన్, ఇంకొందరు కలిసి 2010లో ప్రచురించిన పత్రం, భారతదేశంలో పేద కుటుంబాల్లో చాలామంది సాధనాన్ని ఇంకొకరి చేతి మీదుగా వాడతారని చూపించింది. చదవడం రాకపోయినా, ఫోన్ సొంతం కాకపోయినా, పక్కవాళ్ల ద్వారా దాని ఫలితం పొందుతారు. కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా ఇది కనిపిస్తుంది. గల్ఫ్‌లో ఉన్న అమ్మతో అమ్మమ్మ మాట్లాడుతుంది, కాల్ కలిపేది మాత్రం స్కూలుకెళ్లే మనవరాలు. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ కావాల్సింది తాతకి, మెసేజ్ పెట్టేది ఎదురింటి కుర్రాడు. యూజర్ ఎవరు అంటే వీళ్లందరూ అనాలి.

నరసాపురం పేరు ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1970ల చివర్లో ఒక జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ చుట్టుపక్కల లేసు అల్లే మహిళల మధ్య పనిచేశారు. రోజూ గంటల తరబడి అల్లి, ఎగుమతికి సరుకు తయారుచేసేవాళ్లని ఊళ్లో అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటారు’ అనేవారు. వాళ్లు చేసేది పనిగానే లెక్కకి రాలేదు. మన డెల్టా మీద జరిగిన మంచి క్షేత్ర పరిశోధనల్లో నేను ముందు చెప్పేది అదే. మీ చెరువు దగ్గర ప్రోబ్ తుడిచే పని, అర్ధరాత్రి లేచే పని, రైతు ఇంట్లో భార్య రాసిపెట్టే మేత లెక్కల పని కూడా అలాగే కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. అడిగితే ఆవిడ కూడా ‘నేనేం చేస్తానండీ, అంతా ఆయనే’ అంటారు. పుస్తకం ఎవరి దస్తూరీలో ఉందో చూడండి.

మన వాళ్ల మర్యాద గురించి కూడా జాగ్రత్త పడాలి. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చినవాళ్లని నొప్పించే మాట అనరు. కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు యాప్ చూపించి ఎలా ఉందంటే ‘బాగుందండి’ అనే అంటారు, ముందు కాఫీ కూడా ఇస్తారు. బెంగళూరులో నికోలా డెల్, ఆమె సహచరులు దీన్ని కొలిచి 2012లో ప్రచురించారు. చూపించిన రెండు సాధనాలూ ఒకేలా ఉన్నా సరే, అడుగుతున్న మనిషే తయారుచేశాడనుకున్న దాన్ని జనం సుమారు 2.5 రెట్లు ఎక్కువగా మెచ్చుకున్నారు. అడిగేది అనువాదకుడితో వచ్చిన విదేశీయుడైతే 5 రెట్లు. కాబట్టి ఆ యాప్ మీదని గానీ, మీ కాలేజీదని గానీ అనిపించనివ్వకండి. అభిప్రాయం అడగడం తగ్గించి, జరిగింది అడగండి. ‘ఈ యాప్ ఉపయోగపడుతోందా’ అని కాకుండా ‘మొన్న రాత్రి ఎప్పుడు మోగింది, మీరేం చేశారు, ఆ తర్వాత?’ అని అడగండి. జరిగినదాన్ని మర్యాద కోసం మార్చి చెప్పడం కష్టం.

అభిప్రాయం అడిగే ప్రశ్నల సంగతి వచ్చింది కాబట్టి: సాధనం వాడటం ఎంత సులభమో కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల స్కేలు కూడా మీ ఫారం చివర్లో ఉంది. అందులో ఒకటి అనుకూల వాక్యం, తర్వాతది ప్రతికూల వాక్యం. తెలుగులోకి తెచ్చి చదివి వినిపిస్తే ‘అనవసరంగా కష్టంగా ఉంది అన్నదాన్ని ఒప్పుకోను’ లాంటి జవాబు దగ్గర పెద్దవాళ్లు తికమక పడతారు. వాడాలనుకుంటే ముందు నలుగురైదుగురి దగ్గర చదివి, ప్రతి వాక్యం వాళ్లకి ఎలా అర్థమైందో చెప్పించుకుని సరిచేయండి.

ఇక ఎలా చేయాలంటే, నాలుగైదు చెరువులు ఎంచుకోండి. అన్నీ ఒకే డీలర్ పరిచయం చేసినవి కాకూడదు. డీలర్ బండి మీద దిగితే మిమ్మల్ని డీలర్ మనిషి అనుకుంటారు, అప్పు ఉన్నవాళ్లు నోరు విప్పరు. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన దగ్గర నుంచి పెరిగిన రొయ్యల పట్టుబడి దాకా ఒక పంట మొత్తం చూడండి, మూడు నాలుగు నెలలు. మొదటి వారాల్లో కొత్త సాధనం మీద ఉండే ఉత్సాహం వేరు, రెండో నెల తర్వాత మిగిలే అలవాటు వేరు. మీకు కావాల్సింది రెండోది. పగలు మాత్రమే వెళ్తే లాభం లేదు, కొన్ని రాత్రులు షెడ్డులో ఉండాలి. మీరు అమ్మాయి అయితే, లేదా రాత్రి ఉండటం కుదరకపోతే, కాపలా మనిషితో తెల్లారాక ఒక చిన్న వాయిస్ రికార్డింగ్ చేయించండి: రాత్రి ఏం జరిగింది, అంతే. రాయమని అడగకండి. కీప్యాడ్ ఫోన్ అయితే మీరే రోజూ ఒకే టైమ్‌కి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. పట్టుబడి రోజున మాత్రం ప్రశ్నలు వద్దు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, రేటు ఎంత పలికింది అన్న టెన్షన్‌లో ఉంటారు. పక్కన నిలబడి చూడండి.

రేటు అంటే గుర్తొచ్చింది. మీ ప్రశ్నాపత్రంలో ‘యాప్‌లో ధరలు చూడటం వల్ల లాభం పెరిగిందా’ అని ఉంది. ఇది రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన కేరళ అధ్యయనం ప్రభావం అయి ఉంటుంది. సెల్‌ఫోన్లు వచ్చాక ఉత్తర కేరళ మత్స్యకారులు సముద్రం మీద నుంచే ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని అక్కడికి వెళ్లారనీ, లాభం సుమారు 8 శాతం పెరిగి, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గిందనీ ఆయన చూపించారు. తర్వాత జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ కేరళ తీరానికి వెళ్లి, ఏ రకం వేట, ఏ రేవు, అమ్మకం ఏర్పాటు ఎలాంటిది అన్నదాన్ని బట్టి కథ మారుతుందని వాదించారు. మన చెరువు దగ్గర ఈ రెండో మాటే గుర్తుపెట్టుకోండి. మేత అప్పు ఉన్న రైతు ధర తెలిసినా ఇష్టమైన చోట అమ్మలేకపోవచ్చు. చెరువులో రోగం కనిపిస్తే రేపటి ధర కోసం ఆగలేడు. తెలియడం వేరు, తెలిసినదాని మీద నడవగలగడం వేరు. ఆ ప్రశ్నకి ముందు ‘ఎవరికి అమ్మాలో మీరే నిర్ణయిస్తారా’ అని అడగాలి. అదీ డీలర్ ఎదురుగా కాదు.

ఏఐ సహాయకుడి భాగానికి మీరు ఏమీ తయారుచేయక్కర్లేదు. తెర వెనక మనిషి ఉండి యంత్రంలా జవాబివ్వడం హెచ్‌సీఐలో (మనుషులు కంప్యూటర్లని ఎలా వాడతారో చదివే శాస్త్రంలో) పాత పద్ధతే, ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ అంటారు. రైతు ఒక నంబర్‌కి వాయిస్ మెసేజ్ పెడతాడు, జవాబు మీ మిత్రుడు ఇస్తాడు. అయిపోయాక వెనక మనిషి ఉన్నాడని తప్పకుండా చెప్పాలి. దీనివల్ల వాళ్లు నిజంగా ఎలా అడుగుతారో తెలుస్తుంది. పాఠ్యపుస్తకం తెలుగులో ఎవరూ అడగరు. ‘డీవో (కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’, ‘60 కౌంట్‌లో వైట్ గట్ (పేగు తెల్లబడటం) కనబడుతోంది’, ‘రొయ్య తేలుతోంది, ఏం కొట్టమంటారు’ అంటారు. ఏరియేటర్ల మోత పక్కన మాట యంత్రానికి వినపడుతుందా అన్నది కూడా గట్టు మీదే చూడాలి, కాలేజీ ల్యాబ్‌లో కాదు.

ఇక్కడ ఒక గట్టి నియమం పెట్టుకోండి. మందు పేరు, మోతాదు మీ మిత్రుడు చెప్పకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు తిరిగొస్తుంది. పరిశోధన పేరుతో ఇచ్చిన ఒక్క తప్పు సలహా ఒక కుటుంబం పంటని తీసుకుపోగలదు. ‘టెక్నీషియన్‌ని అడగండి’ అనే జవాబుతోనే ఆపండి. అప్పుడు రైతు ఏం చేశాడన్నది కూడా మీకు సమాచారమే.

అంగీకారం సంగతి. ఓటీపీ మోసాల తర్వాత ఫోన్ గురించి అడిగే కొత్త మనిషిని చూస్తే భయం, అది న్యాయమైన భయం. ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి, వాళ్లే పట్టుకుని చూపించాలి. పేమెంట్ యాప్ తెరిచేటప్పుడు మొహం పక్కకి తిప్పండి. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటి మీద ఆధారపడకండి. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో, ఎప్పుడు చెరిపేస్తారో తెలుగులో నోటితో చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. కాపలా మనిషి ఒప్పుకోలు అతని దగ్గరే తీసుకోవాలి, లీజు రైతు ‘మావాడే, అడగండి’ అన్నంత మాత్రాన సరిపోదు. అతను చెప్పింది రైతుకి ఏ రూపంలోనూ చేరకూడదు. రిపోర్టులో ఊరి పేరు, చెరువు విస్తీర్ణం, లీజు వివరం మూడూ కలిపి రాస్తే పేరు రాయకపోయినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

మీ గైడ్‌కి అంకెలు కావాలంటారని రాశారు. ఇవ్వొచ్చు. 200 మంది మనుషుల బదులు ప్రతి హెచ్చరికనీ ఒక వరుసగా తీసుకోండి. ఏ చెరువు, ఎన్ని గంటలకి మోగింది, అంకె ఎంత, ముందు ఎవరు చూశారు, ఎవరికి ఫోన్ వెళ్లింది, ఎన్నిసార్లు చేస్తే ఎత్తారు, ఏరియేటర్ తిరిగే దాకా ఎన్ని నిమిషాలు, ఎవరు వేశారు, కరెంటు ఉందా, హెచ్చరిక నిజమా ప్రోబ్ పాచి వల్లనా, మర్నాడు ఎవరు ఎవరిని ఏమన్నారు. ఒక పంట పూర్తయ్యేసరికి విశ్లేషించడానికి సరిపడా వరుసలు వస్తాయి, ప్రతి వరుస వెనకా మీరు విన్న మాట ఉంటుంది. 60 ప్రశ్నల ఫారాన్ని 12కి తగ్గించి, పంట చివర్లో ఆ నాలుగైదు చెరువుల దగ్గర అందరికీ, కాపలా మనుషులతో సహా, మీరే చదివి వినిపించి నింపండి. అప్పటిదాకా గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. ఒకసారి ఫార్వర్డ్ అయితే మీరు వెళ్లేలోపే మీరేం వినాలనుకుంటున్నారో ఆ ఊళ్లకి తెలిసిపోతుంది.